సోంబరు బరువు

కాటా పేరు చెబితే యర్రమ్మకి ఒళ్లు మంట. బుద్ధెరిగిన కాడి నుంచీ ఆవిడ చూసిన కాటాలన్నీ దొంగ కాటాలే మరి! సంతనాడు చింతపండు గంప నెత్తినెట్టుకుని, మెడ నరాలు తెగేలా కొండ దిగి వెళ్తే, సాలూరు సావుకారు దాన్ని కాటాకి ఎత్తి, పెదవి విరిచి, "తేలికే ముసిలీ!" అనేవాడు. అంత గంపా కాటా ఎక్కేసరికి దూదైపోయేది. అదేం మాయో ఆ సావుకారుకే ఎరుక. మరీ తేలిగ్గా తూగితే కాలితో పక్కకి తోసేసేవాడు కూడాను.

అలాంటి కాటా మీదికి కూతురి కొడుకునే ఎక్కించాల్సి వచ్చింది యర్రమ్మకి.

కూతురు కనక పురిట్లోనే కన్నుమూసింది. అల్లుడు ఘాటు రోడ్డు పనిలో ఎక్కడో రాళ్లు కొట్టుకుంటున్నాడు. సోమవారం పుట్టాడని సోంబరు అని పేరెట్టుకున్న గుంటడు ముసలిదాని చేతిలో మిగిలాడు. వాడికి పాలేవీ? ఆవు పాలు పట్టొచ్చు కదా అంటారు మీరు. ఆ కొండల్లో ఆవుని పితకరు బాబూ. ఆవు పాలు దూడవి. దూడ నోటి దగ్గరిది లాక్కుంటే ఊరికే అరిష్టమని పెద్దలు చెప్పిన మాట. అంచేత సోళ్ల అంబలి, అదే రాగి జావ, పల్చగా కాచి, అందులో గుడ్డ ముంచి వాడి నోట్లో పెట్టేది. వాడు చప్పరించి, మొహం చిట్లించి, ఏడ్చేవాడు. వాడు ఏడుస్తుంటే ఈవిడకీ ఏడుపొచ్చేది.

అప్పుడే సంత మైదానం పక్కన మిషనువాళ్లు చంటిపిల్లల దవాఖానా తెరిచారు. అందులో డాక్టరు ఎలీయేజరు. పల్లపు దేశం నుంచి వచ్చిన కిరస్తానీ కుర్రాడు. మనిషి బంగారం, ఎవర్నీ కసిరింది లేదు. కాకపోతే దేవుడి మీద ఎంత నమ్మకమో, సీమ నుంచి తెప్పించిన ఆ పిల్లల కాటా మీద అంతకంటే రవ్వంత ఎక్కువ నమ్మకం.

మొదటిసారి వెళ్లినప్పుడు సోంబరుని కాటా పళ్లెంలో పడుకోబెట్టమన్నాడు. కంబళి విప్పమంటే యర్రమ్మ ససేమిరా అంది.

"సలి బాబూ! పైగా పదిమంది సూత్తన్నారు, దిట్టి తగులుతాది."

"సరే అవ్వా, ఉండనీ. కంబళి బరువు నేను తీసేస్తాన్లే," అని, అలాంటిదే ఇంకో కంబళి విడిగా తూచి, నలుసంత తేడా రాకుండా లెక్క కట్టాడు. కాటా ముల్లు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "బరువు చాలా తక్కువుంది" అంటూ పాలడబ్బా ఒకటి చేతిలో పెట్టి, కాచిన నీళ్లలో ఎలా కలపాలో చూపించాడు.

యర్రమ్మ డబ్బాని అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ దూడది బాబూ?" అంది.

"సీమ దూడది అవ్వా. దానికి బోలెడున్నాయిలే, పర్వాలేదు."

సీమ దూడ అరిష్టం సీమకే చుట్టుకుంటుంది కదా అని సర్దుకుంది. ఆ పాలు తాగి సోంబరు కళ్లు తెరిచి చూశాడు. ఓసారి నవ్వాడు కూడా. యర్రమ్మ సంబరం చెప్పలేం!

మరుసటి సంతకి మళ్లీ తూచారు. "పెరిగాడు గానీ చాలదు. ఇంకా పెరగాలి," అని డాక్టరు నొసలు చిట్లించాడు. ఇంకో డబ్బా ఇచ్చాడు, నిజమే. కానీ యర్రమ్మ చూసింది డబ్బాని కాదు, ఆ నొసటిని. సావుకారు గంపని తోసేసే ముందు నొసలు సరిగ్గా అలాగే పెట్టేవాడు.

దారిలో పొరుగింటి పైడమ్మతో చెప్పుకుంది. పైడమ్మకీ ఒక చంటిది ఉంది, దాన్నీ అక్కడే తూపిస్తోంది.

"తేలికంటన్నాడే డాక్టరు బాబు. మల్లీ తేలికైతే గుంటడిని గిరాటేసి, ఇంక రావొద్దంటాడేటో!"

"ఓలప్పా, బెంగెందుకు? సాలూరు సావుకారుకి మనవేటి సేత్తాం?"

ఏం చేస్తారో యర్రమ్మకి తెలీదా? తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. చింతపండు గంప అడుగున ఏటి రాయి ఒకటి పెడతారు. కాటా అబద్ధమాడితే రాయి నిజం చెబుతుంది, అంతే.

ఆ పై సంతకి సోంబరు కంబళి మడతలో, వాడి కాళ్ల దగ్గర, నున్నటి ఏటి రాయి ఒకటి పడుకుంది.

ముల్లు గిర్రున తిరిగింది. డాక్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "భేష్ అవ్వా! ఏం పెడుతున్నావో గానీ బాగా ఒంటబడుతోంది, అదే పెట్టు. ఇంక డబ్బాతో పనిలేదు!"

కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. యర్రమ్మ ఖాళీ చేతుల్తో గడప దగ్గర నిలబడిపోయింది. నవ్వుతూ పొమ్మన్నాడేమిటి? సావుకారు నవ్వాడంటే ముంచాడనే అర్థం. ఈ డాక్టరూ అంతేనన్నమాట. అయితే రాయి చాల్లేదు కాబోలు!

తర్వాతి సంతకి ఇంకాస్త పెద్ద రాయి వెతికింది. ఆ తర్వాత దానికంటే పెద్దది. డాక్టరు ప్రతిసారీ మరింత నవ్వేవాడు, డబ్బా మాత్రం ఇచ్చేవాడు కాదు. ఇంటి దగ్గర మళ్లీ అంబలీ గుడ్డే. సోంబరు మునుపట్లా ఏడవడం కూడా మానేశాడు. కంబళిలోంచి ముక్కు ఒక్కటీ కనబడేలా పడుకునేవాడు.

"సూడు బాబూ, గుంటడు ఏడవడం లేదు," అంది యర్రమ్మ ఒకసారి.

"కడుపు నిండితే పిల్లలు ఎందుకేడుస్తారు అవ్వా?" అన్నాడు డాక్టరు ముల్లు మీంచి కళ్లు తిప్పకుండా.

అంత చదువూ చదివి అంత మాట ఎలా అన్నాడో ఏమో! నాకైతే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంతలో విశాఖపట్నం నుంచి దొరసానమ్మ వస్తోందని, బిడ్డల పండగ చేస్తున్నారని కబురొచ్చింది. బాగా పెరిగిన బిడ్డకి బహుమానం. పోటీ లేకుండా సోంబరే గెలిచాడు. గెలవడూ మరి, వాడి రాయి అందరికంటే పెద్దది!

బల్ల మీద వెండి గిన్నె తళతళలాడుతోంది. దొరసానమ్మ దాన్ని యర్రమ్మ చేతికిచ్చింది. ఫొటో పెట్టె వాడు నల్లగుడ్డలో తల దూర్చి, కదలొద్దన్నాడు. యర్రమ్మ కదల్లేదు, సోంబరు అసలే కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. యర్రమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. అడుగున ఏమీ లేదు.

"బాబూ, గిన్నిచ్చారు. ఇందులో పోసేదేదీ?" అంది.

డాక్టరుకి ఆ మాట వినబడలేదు. దొరసానమ్మ అప్పటికే ముచ్చటపడి, బొద్దుగా ఉండే బుగ్గలు ముద్దాడదామని, బిడ్డని కంబళితో సహా అందుకుని దాని అంచు తొలగించింది. రాయి జారి ఆవిడ బూటు మీద దబ్బున పడింది.

చప్పట్లు ఆగిపోయాయి. తేలిపోయిన కంబళిలో సోంబరు మిగిలాడు. లెక్కపెట్టుకోవచ్చు ఎముకలన్నీ.

డాక్టరు ఒక్క అంగలో వచ్చి బిడ్డని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఇన్నాళ్లలో వాణ్ని చేతుల్తో ఎత్తడం అదే మొదలు. "సంతోషమ్మా, పాలు! బేగి!" అని నర్సు మీద కేకేశాడు. ఆ కంగారులో పల్లపు భాష పోయి కొండ మాటే వచ్చింది నోటికి. నర్సు డబ్బా పగలగొట్టి పాలు కలిపి, చేతికి అందిన వెండి గిన్నెలోనే పోసింది. చెమ్చాతో ఒక్కొక్క చుక్కా నోట్లో వేస్తే పెదవి చివర్నుంచి కారిపోతున్నాయి. యర్రమ్మ నేల మీద కూలబడి, తెలిసిన దేవతలందరికీ మొక్కింది, తెలియని ఏసుప్రభువుకి కూడా. ఎంతో సేపటికి వాడి గొంతు కదిలింది. గుటక పడింది. ఇంకోటి పడింది. గిన్నె సగమయ్యాక సోంబరు మొహం చిట్లించి, పిల్లిపిల్లలా సన్నగా ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు వినగానే యర్రమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎందుకిలా చేశావు అవ్వా?" అన్నాడు డాక్టరు.

"తేలికైతే సావుకారు గిరాటేత్తాడు బాబూ. నా గుంటడిని గిరాటేత్తారని బయపడ్డాను."

డాక్టరు నేల మీది రాయి వైపు చూశాడు. సావుకారు తేలిక గంపని తోసేస్తే, తను బరువైన బిడ్డని తోసేశాడు. వెనక వరసలో తల్లులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ముందుగా పైడమ్మ కంబళి సర్దుకున్నట్టు సర్దుకుని, గుట్టుగా ఒక రాయి జారవిడిచింది. ఆ వెనకే ఇంకొకామె. కాసేపటికి మెట్ల దగ్గర చిన్న గోడకి సరిపడా రాళ్లు పోగయ్యాయి. దవాఖానాలో ఆ కాలమంతా పెరిగిన బరువంతా అక్కడే ఉంది.

సోంబరుని కొన్నాళ్లు దవాఖానాలోనే ఉంచుకుని పాలు పట్టి పంపారు. ఫొటో మాత్రం కడిగి వచ్చింది. దొరసానమ్మ ఊళ్లో దాన్ని చట్రం కట్టించి గోడకి పెట్టారట, బాగా పెరిగిన బిడ్డ అని, రాయితో సహా.

మళ్లీ తూకం నాడు యర్రమ్మ చలిని లెక్కచెయ్యలేదు, దిష్టినీ లెక్కచెయ్యలేదు. కంబళి తనే విప్పి దులిపి మరీ చూపించింది. డాక్టరు బిడ్డని ముందు చేతుల్లో ఎత్తి, కళ్లలోకి చూసి, పొట్ట తడిమి, అప్పుడు కాటా మీద పడుకోబెట్టాడు. ముల్లు చూసి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"ఇంకా తక్కువే ఉన్నాడు అవ్వా."

యర్రమ్మ బోసి నోరంతా తెరిచి నవ్వింది.

"తక్కువేనా నా బాబే! అయితే ఇంకేటి సూత్తన్నావు, డబ్బా ఇటియ్యి!"