నీ ఎత్తు దాకా

కాఫీ పొయ్యి మీద పెట్టి కసిల్డా గోడ తుడవడానికి వెళ్ళింది. నవంబరు నుంచీ రోజూ ఇదే పని. ముందుగది గోడకి రాత్రంతా చెమట పట్టి, తెల్లారేసరికి నేల మీదకు సన్నని ధారలు కడుతుంది. పాత దుప్పటి చింపిన గుడ్డతో పైనుంచి కిందకి తుడవాలి, బకెట్లో పిండాలి, మళ్ళీ తుడవాలి. పెయింటు బొబ్బలెక్కిన చోట మెల్లగా అద్దాలి, లేకపోతే పొర ఊడి చేతికొస్తుంది. ఆ పని అయ్యేసరికి వంటింట్లో ఫెర్మిన్ తన కాఫీ తాగేసి ఉంటాడు, ఆమె కప్పు చల్లారిపోయి ఉంటుంది.

"రాత్రి మళ్ళీ కిటికీలు మూసేశావా?" ఫెర్మిన్ వంటింట్లోంచే అడిగాడు.

"మార్చి ఇప్పుడు. కొండ మీద మంచింకా కరగలేదు. తెరిచి పడుకుంటే మీ అమ్మ బిగుసుకుపోతుంది."

"అదీ నిజమే అనుకో. కానీ నువ్వు ఆ శనగల కుండ గంటలకొద్దీ ఉడికిస్తావు చూడు. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది?"

కసిల్డా గుడ్డ పిండింది. గోడ ఏడిస్తే తప్పు తన కుండది. ఈ నాలుగు నెలల్లో ఆ గోడ తడికి కారణాలు చాలానే దొరికాయి. ఆమె స్నానం ఎక్కువసేపు చేస్తుంది. తడిబట్టలు ఇంట్లో ఆరేస్తుంది. నేల ఎక్కువ నీళ్ళతో కడుగుతుంది. ఊళ్ళో మేస్త్రీ ఎలోయ్ అయితే ఒకరోజు నవ్వుతూ, "ఆడవాళ్ళు ఎక్కువ మాట్లాడితే కూడా గదిలో తేమ పెరుగుతుందట" అన్నాడు. ఫెర్మిన్ పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో కారణం చెబుతారని.

నిజానికి ఫెర్మిన్ మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ముప్పై ఒక్క ఏళ్ళు గ్రనాడాలో బస్సు నడిపి, రిటైరైన నెలలోనే ఆమెను బండిలో ఎక్కించుకుని అల్పుహర్రా కొండల్లోకి, ఆమె పుట్టిన ఊరికి తీసుకొచ్చాడు. "కళ్ళు మూసుకో పిల్లా" అన్నాడు. తెరిచి చూస్తే మందుల కొట్టు విధవరాలు లెయొకాదియా గారి ఇల్లు. వారసులు అమ్మకానికి పెడితే ఈయన గుట్టుచప్పుడు కాకుండా కొనేశాడు. "నీ కోసమే కొన్నాను" అంటూ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా తలుపు పక్కన నీలి అక్షరాల పింగాణీ పలక కూడా బిగించాడు. కసిల్డా ఇల్లు, అని. ఆవేళ ఆమె వీధిలో నిలబడి ఆ పలక చూసి ఏడ్చింది. లోపలికొచ్చాక తెలిసింది, పలక మీద తప్ప ఇంట్లో ఇంకెక్కడా తన మాట లేదని. వంటగట్టు ఎత్తు ఎలోయ్ నిర్ణయించాడు, ఫెర్మిన్ తల ఊపాడు. పంపు ఎక్కడ ఉండాలో ఇద్దరూ కలిసి నిర్ణయించారు. వాళ్ళిద్దరిలో ఎవరూ ఎప్పుడూ గిన్నెలు తోమింది లేదు. అడిగితే ఒకటే జవాబు: "నీకే సుఖం." పెళ్ళినాటి నుంచీ ఆమె సుఖం కోసం అతను కొన్నవన్నీ ఆమె వరుసగా గుర్తు చేసుకుంది. ఆవిరి ఇస్త్రీ పెట్టె, దుమ్ము పీల్చే యంత్రం, వంద ముక్కల పింగాణీ భోజనం సెట్టు. ఒక్కొక్క సుఖానికీ ఒక్కో కొత్త పని తోడు వచ్చింది. ఈ గోడ వాటిలో అన్నిటికంటే పెద్దది.

అక్టోబరులో ఎలోయ్ ముందుగది సున్నం పెచ్చులు కొట్టేస్తున్నప్పుడు ఆమె ఒక్కసారి నోరు తెరిచింది.

"దీనికి సిమెంటు పడదు, ఎలోయ్. రాయీ మట్టీ గోడ ఇది. కిందనుంచి తడి పీలుస్తుంది. సున్నమైతే ఆ తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వేస్తే లోపలే ఉండిపోతుంది."

"చూడమ్మా," అన్నాడు ఎలోయ్, ఉలి ఆపకుండానే, "సున్నమంటే డబ్బులేనివాళ్ళ పెయింటు. ఏటేటా వేసుకు చావాలి. సిమెంటు పూసి పైన ఈ పెయింటు వేశామంటే పదిహేనేళ్ళు చూడక్కర్లేదు. కడిగినా పోదు."

"నీకే సుఖం" అన్నాడు ఫెర్మిన్.

ఊడిన పెచ్చు ఒకటి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆమె తీసి అంచు చూసింది. పొర మీద పొర, పుస్తకం అంచులాగా. ప్రతి రెండు మూడు తెల్ల పొరలకీ మధ్యలో లేత నీలం ఛాయ. అది వాళ్ళమ్మ బ్రిహిదా చేతి గుర్తు. చివరి పూతలో మాత్రం చిటికెడు నీలిమందు కలిపేది, తెలుపు పసుపెక్కకుండా. ఆ పెచ్చును ఆమె ఏప్రాన్ జేబులో వేసుకుంది.

మే నెల శిలువ పండుగ వస్తోందంటే చాలు, బ్రిహిదా ఊళ్ళో పద్నాలుగు ఇళ్ళకు సున్నం వేసేది. అందులో లెయొకాదియా గారిల్లు పెద్దది, చివరిది. నిచ్చెన మీద అమ్మ, కింద బకెట్ మోస్తూ ఎనిమిదేళ్ళ కసిల్డా. అమ్మ వేళ్ళు పగిలి ఉండేవి. పడుకోబోయే ముందు ఆలివ్ నూనె రాసుకుని పాత మేజోళ్ళు చేతులకు తొడుక్కునేది. లెయొకాదియా గారు ఇచ్చేది ఒక రొట్టె, కొంచెం నూనె, తమకు పనికిరాని గౌను. "ఇదేం పనిలే, మీకు సరదా కూడాను" అనేది. వెనకగదికి వచ్చేసరికి మాత్రం అమ్మ కుంచె కూతురి చేతికిచ్చేది. "నీ ఎత్తు దాకా నీది. ఆపైన నాది." ఏటేటా ఆ గీత పైకి జరుగుతూ వచ్చింది. పదిహేనో ఏట అమ్మ చూసి, "ఇక నిచ్చెన నీకే" అని కిందనుంచి నవ్వింది. ఆ ఏడే కసిల్డా గ్రనాడా వెళ్ళిపోయింది, ఒక బడి వంటశాలలో గిన్నెలు తోమడానికి.

ఆ వెనకగది గోడ ఇంకా అలాగే ఉంది. మురికిపట్టి, మూలల్లో నల్లబడి, కానీ చెయ్యి పెడితే పొడిగా.

ఆ అక్టోబరులోనే ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. పక్క ఊరి బట్టీ నుంచి రొట్టెల బండివాడి చేత బస్తా సున్నపురాయి తెప్పించింది. ఫెర్మిన్ డామినోలు ఆడుకోవడానికి బారుకు వెళ్ళినప్పుడు పెరట్లో ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోసి, రాళ్ళు ఒక్కొక్కటే వదిలింది. అవి బుసలు కొట్టి, కుతకుత ఉడికి, వెన్నలా మెత్తబడ్డాయి. చల్లారాక మట్టి జాడీలోకి వంచి, పైన నీళ్ళు నిలిపి, మూత మీద రాయి పెట్టింది. ఎందుకు చేసిందో ఆమెకే సరిగా తెలియదు. అమ్మ శరత్కాలంలో ఉడికించి వసంతంలో వేసేది. చేతులకు ఆ నెల గుర్తుందంతే.

అత్తగారు అంగుస్తియాస్ ఆ జాడీని ఆలివ్ కాయలనుకుంది. ఎనభై నాలుగేళ్ళావిడ వారానికోసారి కర్ర పొడుచుకుంటూ పెరట్లోకి వచ్చి, "చేదు విరిగిందా అమ్మాయ్?" అని అడిగేది.

"ఇంకా లేదత్తయ్యా. మీరు చెయ్యి పెట్టకండి."

"ఒక్క కాయ రుచి చూడనివ్వవు. పిసినారిదానా."

గురువారం ఎలోయ్ వచ్చి ముందుగది గోడను వేలితో నొక్కాడు. వేలు పెయింటులోకి దిగబడింది. గోడకు అడుగు దూరంలో ఇంకో పలకల గోడ కట్టి దీన్ని దాచేయాలని తేల్చాడు. "అసలు తడి వెనకగది నుంచి వస్తోంది. సోమవారం వచ్చి ముందుగా దాన్ని సిమెంటుతో మూసేద్దాం."

"వెనకగది పొడిగా ఉంది" అంది కసిల్డా.

"అలా కనిపిస్తుందమ్మా."

ఫెర్మిన్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "కంగారుపడకు. అన్నీ ఎలోయ్ చూసుకుంటాడు. నువ్వు హాయిగా ఉండు."

శుక్రవారం అతను కళ్ళ డాక్టరు కోసం గ్రనాడా బయల్దేరాడు. ఆదివారం దాకా తమ్ముడింట్లో ఉంటాడు. కసిల్డా మూడు రోజులకూ సరిపడా బట్టలు సర్ది, అతని మెడకు మఫ్లరు చుట్టి, వీధి మలుపు దాకా చెయ్యి ఊపింది. లోపలికొచ్చి కాసేపు కుర్చీలో కూర్చుంది. గొడవపడటం ఆమెకు రాదు. ఎదురు చెప్పాల్సి వస్తే లేచి గిన్నెలు సర్దుకుంటుంది. ఈ ముప్పై ఏళ్ళలో అనుకుని అనలేకపోయిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో ఇప్పుడు అర్థమవుతోంది. సిమెంటు వెనక తడి ఎక్కడుంటుందో అక్కడే. సోమవారం ఆ గోడ మూసేస్తే అమ్మ పూసిన నీలం పొర ఈ ఇంట్లో ఇక ఎక్కడా మిగలదు. మూసేశాక ఎంత తుడిచినా దొరకదు. ఆమె లేచింది. ఫెర్మిన్ పాత కళ్ళజోడు, రబ్బరు చేతితొడుగులు వెతికి తీసి, పెరట్లో జాడీ మూత మీది రాయి దించింది.

"పక్వానికొచ్చాయా?" అంగుస్తియాస్ కర్ర చప్పుడు. లోపలికి తొంగి చూసింది. కర్ర కొసతో ఆ తెల్లని ముద్దను కదిపింది. తరవాత, "ఐదు నెలలు నాకు సున్నం చూపించి ఆలివ్‌లన్నావా!"

"నేననలేదు. మీరే అనుకున్నారు."

"వాడికి తెలుసా?"

"తెలియదు."

ముసలావిడ కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది. "కుర్చీ తెచ్చి వెనకగదిలో వెయ్యి. చలికి నా దుప్పటి కూడా."

కసిల్డా బూజు దులిపి, గోడ తడిపి, సున్నం పాలకంటే పల్చగా కలిపి మొదటి పూత వేసింది. శనివారం రెండోది. మోకాళ్ళు నొప్పి, భుజం పీకుతోంది, అయినా చెయ్యి ఎక్కడా తడబడలేదు. అత్తగారు కుర్చీలోంచి కర్ర ఎత్తి చూపిస్తూనే ఉంది. "ఆ మూల వదిలేశావ్. పైన, పైన. మా నాన్న ఇంట్లో నేనే వేసేదాన్ని తెలుసా? పెళ్ళయ్యాక మీ మామయ్య, బస్తీలో ఇలాంటి పనులు చేస్తే నామోషీ అన్నాడు. ఆ కుంచె ఎవరికిచ్చేశానో కూడా గుర్తులేదు." దుప్పటి సర్దుకుని, "మావాడు మంచివాడే. కానీ వినడు. వినకపోయినా నేను ముద్దు చేశాను. అది నా తప్పే" అంది. కసిల్డా నిచ్చెన మీదే ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం ఇదే మొదలు. దిగొచ్చి, కుర్చీ గోడ దగ్గరకు జరిపి, కుంచె అందించింది. కుర్చీలోంచి లేవకుండానే ముసలావిడ చేతికందినంత మేర వేసింది.

ఆదివారం మధ్యాహ్నం నీలిమందు కలిపిన చివరి పూత. అది ఇంకా తడిగా ఉండగానే ఫెర్మిన్ వచ్చాడు. బస్తాలు ఎక్కడ దించాలో చూసుకోవడానికి ఎలోయ్ కూడా వెంటే ఉన్నాడు. ఇద్దరూ వెనకగది గుమ్మంలో ఆగిపోయారు.

తడి ఆరేదాకా సున్నం తెలుపు పైకి కనబడదు. గోడ బూడిదరంగులో, మరకలు మరకలుగా, గిన్నెలు కడిగిన నీళ్ళు చల్లినట్టుంది.

"ఇదేం చేశావు కసిల్డా? పాలలో నీళ్ళు కలిపి గోడకి పోశావా?" ఫెర్మిన్‌కు నిజంగానే నవ్వొచ్చింది.

"పోన్లేండి, ఎలాగూ రేపు మూసేస్తాంగా" అన్నాడు ఎలోయ్.

కసిల్డా నిచ్చెన దిగింది. కనుబొమ్మల మీద సున్నం చుక్కలు. "రేపు పొద్దున చూడండి" అంది. రాత్రి భోజనానికి అన్నీ బల్ల మీద పెట్టి, తాను తిని, పోయి పడుకుంది.

సోమవారం ఫెర్మినే ముందు లేచాడు. వెనకగది తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు. చిన్న కిటికీలోంచి పడిన కొద్దిపాటి వెలుగుకే గదంతా మంచులా ఉంది. తెలుపు, దాని లోతున ఎక్కడో కొంచెం నీలం. చెయ్యి ఆనించాడు. పొడి. ఇంకోచోట ఆనించాడు. పొడి.

"కసిల్డా," అని పిలిచాడు. మళ్ళీ, కొంచెం తగ్గిన గొంతుతో, "కసిల్డా."

అప్పుడే వీధిలో బండి ఆగింది. ఎలోయ్ భుజాన సిమెంటు బస్తాతో లోపలికొచ్చి, "ఎక్కడ దించమంటావు ఫెర్మిన్?" అని అడిగాడు.

"ముందు బయటికెళ్ళి ఆ పలక మీద పేరు చదువుకుని రా, ఎలోయ్," అంది కసిల్డా. "తరవాత ఎవర్ని అడగాలో వాళ్ళనడుగు."

వంటింట్లోంచి అంగుస్తియాస్ గట్టిగా నవ్వింది. ఎలోయ్ బస్తా దించకుండానే వెనకగదిలోకి తొంగి చూశాడు. వేలితో గోడ గీరబోయి, ఆగి, వేలి వెనకవైపుతో తాకాడు. "ఎన్నాళ్ళు నానబెట్టారు?" అన్నాడు, మొదటిసారి పనివాడు పనివాడిని అడిగినట్టు.

"ఐదు నెలలు. ముందుగదిలో నువ్వు వేసిందంతా రాతి దాకా కొట్టెయ్యాలి. వేసవంతా ఆరనిచ్చి, శరత్కాలంలో సున్నం వేద్దాం. బస్తా బండిలో పెట్టేసి ఉలి తెచ్చుకో."

ఎలోయ్ ఫెర్మిన్ వైపు చూశాడు. ఫెర్మిన్ ఆమె వైపు చూశాడు. "నాకు తెలియలేదు కసిల్డా" అన్నాడు.

"నేను చెప్పాను" అంది ఆమె మెత్తగా.

అంతలో పొయ్యి మీద కాఫీ పొంగే చప్పుడైంది. ముందుగదిలో ఎప్పటిలాగే గోడ నుంచి ధార నేల మీదకు దిగుతోంది. కసిల్డా మేకుకు వేలాడుతున్న గుడ్డ తీసి మొగుడి చేతిలో పెట్టింది. బకెట్ అతని కాళ్ళ దగ్గరకు జరిపింది.

"పెయింటు ఊడేదాకా ఇది రోజూ ఉంటుంది. పైనుంచి కిందకి తుడవాలి. బొబ్బల దగ్గర అద్దాలంతే."

"మొత్తం గోడా?"

"నీ ఎత్తు దాకా నీది" అంది. "ఆపైన ఎలోయ్ నిచ్చెనెక్కుతాడు."

అతను గుడ్డ వైపు చూసి, చొక్కా చేతులు మడిచి, తుడవడం మొదలుపెట్టాడు. బాగా గట్టిగా, తప్పుగా, కిందనుంచి పైకి. ఆమె సరిచెయ్యలేదు. వంటింట్లోకి వెళ్ళి అత్తగారి ఎదురుగా కూర్చుని, నవంబరు తరవాత మొదటిసారి, కాఫీ వేడిగా తాగింది.