రెండో డిష్

మా చెల్లె వర్షితది ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తాను: కన్ను పెంచుతుంది. అలా అంటే ఆమెకు ఒళ్లుమంట. "కన్ను కాదన్నా, కంటి మీది పొర. మూలకణాలు" అంటుంది. మొఘల్‌పురాలో పాలు అమ్ముకునే నాకు ఆ తేడాతో పనేంటి? ఆదివారమని, పండుగని చూడకుండా ఎనిమిదేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో ఆ కణాలను సాకుతోంది. అలాంటి మనిషి మా ఇంట్లో పుట్టినందుకు నాకు మహా గర్వం.

మా ఎదురింటి అజ్మత్ అలీ చాచా లక్క గాజులకు రాళ్లు అతుకుతాడు. నిరుడు పాన్‌లోకని సున్నం పొట్లం నొక్కితే చిట్లి కుడికంట్లో పడింది. చూపు పోయింది. ఒంటికంటికి దూరం అంచనా దొరక్క రాయి ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడేది. డాక్టర్లు మంచికన్ను అంచు నుంచి చిన్న ముక్క తీసిస్తే, వర్షిత దాన్ని ల్యాబులో రెండు డిష్‌లలో, అంటే చిన్న మూత పళ్లేలలో, పెంచసాగింది. రెండు వారాలకు ఆ పొరను చెడిన కంటికి అతికిస్తారు. "శ్రావణం పెండ్లిళ్లకు గాజులు నువ్వే చేస్తవ్ చాచా" అని నేను మాటిచ్చేశాను. ఇవ్వడానికి నేనెవరిని?

పదకొండో రోజు బోనాలు. బోనమెత్తే వేళకు ఇంటికి రమ్మని ఆరుసార్లు ఫోన్ చేసి చెల్లె ప్రాణం తీశాను. వచ్చింది. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది, ముఖం మాడ్చుకుని.

"ఒక డిష్‌ల బూజు వచ్చిందన్నా. కణాలకు పోసే మందు టెస్టు రిపోర్టు వచ్చినంకనే వాడాలె. బోనాల దినం తొందరల ఆగకుంట పోసిన."

"రెండోదో?"

"సాఫ్‌గనే కనిపించింది. అదీ పారేసిన."

నాకు కోపం నషాళానికంటింది. మా దుకాణంలో పాలు విరిగితే కలాకంద్ చేస్తాం తప్ప పారబోయం. "మంచిగున్నది పారేసుడేంది?" అన్నాను.

"రెండింట్ల పోసింది ఒక్కటే సీసా. బూజు ఇంక పైకి కనిపిస్తలేదేమో. చాచా కంట్ల పెడితే ఆ కన్ను ఇంక జన్మల బాగుకాదు."

"వచ్చే నెల నీ ప్రమోషన్ ఉంది. కణాలు పెరగలేదని చెప్తే అయిపోతది."

"తప్పు నాదని ల్యాబుల రాసిచ్చిన. చాచాకు గూడ నేనే చెప్త."

ఆ దినం ఆరుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టింది నేనే. ఆ ఫోన్ల మాట ఆమె ఎత్తనైనా ఎత్తలేదు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నదానికి దండం పెట్టాలనిపించింది.

ఇద్దరం ఎదురింటికి వెళ్లాం. ఏదీ దాచకుండా చెప్పింది. మళ్లీ మంచికంటి నుంచే ముక్క తీయాలని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని కూడా చెప్పింది. చాచా భార్య ఖదీజా చాచీ లేచి నిలబడింది.

"మిగిలింది ఒక్క కన్ను బేటీ. దాన్ని మళ్ల ముట్టనియ్య."

ఆమెను ఏమనగలం? ఆమె చోట నేనున్నా అదే అనేవాణ్ని. చాచా మాత్రం వర్షితను ఒక్క మాట అడిగాడు.

"రెండో డిష్‌ది పెట్టినంక కన్ను చెడితే, ఎందుకు చెడిందో ఎవలకన్న తెలుస్తుండెనా?"

"తెల్వకపోతుండె చాచా."

ఆయన భార్య వైపు తిరిగాడు. "సునే నా, విన్నవ్ గదా? ఎవలకు తెల్వకపోతుండె. అయినా వచ్చి చెప్పింది. ఈ కన్ను నేను ఇంకెవల చేతుల పెట్టాలె?"

చాచీ కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ వద్దనలేదు.

సోమవారం ఆసుపత్రిలో ఒప్పుకోలు కాగితాలు ముందు పెట్టగానే చాచా పెన్ను కోసం చేయి చాపాడు. వర్షిత ఇవ్వలేదు.

"మొదలు సదువు చాచా. పోయినసారి నేనేం తప్పు చేసిన్నో అండ్ల రాసిన."

వరుసల మీద వేలు జరుపుకుంటూ మూడు పేజీలూ ఒంటికంటితో చదివాడు. అరగంట పట్టింది. ఆమె కూర్చోలేదు, తొందరపెట్టలేదు. చివరి వరుస అయ్యాక ఆయన తలెత్తాడు.

"సదివిన. ఇప్పుడియ్యి బేటీ."