వెలగని నీళ్ళు

"తోటకి నీళ్ళు పంపావా మనోజ్ఞా?" పూజగదిలోంచే అడిగారు మా అత్తగారు బసవమ్మగారు. మామిడి కోతల రోజుల్లో కూలీలకు నీళ్ళు పంపడం కోడలి పని. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కోడలైనా సరే. టిఫిన్లు, క్యారియర్లు అయ్యాక బోరు దగ్గర బిందెలు నింపి, ట్రాక్టర్ ఎక్కించి, అప్పుడు నూజివీడు బస్సు కోసం పరుగెత్తాలి. ఈరోజు మాత్రం బిందెలు బోర్లించే ఉన్నాయి.

నా పీహెచ్‌డీ మామిడాకుల మీద. ఆకుల్ని నీళ్ళలో కలిపి, బిగించిన స్టీలు పాత్రలో బాగా వేడి చేస్తే కంటికి ఆనని కార్బన్ రేణువులు తయారవుతాయి. ఆ ద్రావణం మీద అతినీలలోహిత టార్చి వేస్తే నీలంగా వెలుగుతుంది. నీళ్ళలో సీసం లాంటి లోహముంటే ఆ వెలుగు చచ్చిపోతుంది. "మా ఆవిడ మామిడాకులతో సైన్సు చేస్తుందండీ" అని పెళ్ళిళ్ళలో గొప్పలు పోయే మా ఆయన రవికిరణ్, ఇంట్లో మాత్రం దాన్ని కషాయం అంటాడు. సీసా ఫ్రిజ్‌లో పెడితే "పెరుగు పక్కన ఈ దరిద్రం ఏంటమ్మా" అని అత్తగారు తీసి గట్టు మీద పెడతారు. నవ్వి ఊరుకునేదాన్ని. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

పోయిన వారం స్నానాలగది తలుపు వేసుకుని, చీకట్లో మా నీళ్ళే పరీక్షించాను. ఆ ద్రావణంలో మేం తాగే క్యాన్ నీళ్ళు కలిపిన గాజుగొట్టం వెలిగింది. బోరు నీళ్ళది వెలగలేదు. ఇనుమున్నా ఇలాగే అవుతుంది కదా అని సర్దిచెప్పుకుని విజయవాడ ల్యాబ్‌కి పంపాను. సీసమేనని, ఉండకూడనంత ఉందని నిన్న ఫోన్ చేశారు.

తోట మూల షెడ్డుని పాత బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళకి అద్దెకిచ్చింది మా ఆయనే. సీసం కలిసిన ఆ యాసిడ్ అంతా పక్కనున్న పాడుబావిలో పారబోస్తారు. అదే భూమిలోకి ఇంకి మా బోరులో చేరింది. రాత్రి విషయం చెబితే, అన్నం కలుపుతూనే అన్నాడు.

"కోతలయ్యాక చూద్దాంలే. ఇప్పుడు బయటికి పొక్కితే మన కాయ ఎవడు కొంటాడు?"

"తాగేవాళ్ళ సంగతేంటండీ?"

"మనం తాగేది క్యాన్ నీళ్ళేగా. నీకెందుకంత కంగారు?"

ఆ "మనం"లో అనూష లేదు. తోటలో కాయలు ఏరుతుంది, ఆరో నెల. "అమ్మగారూ, మీ బోరు నీళ్ళు బాగుంటాయండీ" అంటూ ఇంటికి కూడా సీసాలో పట్టుకెళ్తుంది. షెడ్డు అద్దెకిచ్చేటప్పుడు నన్నెవరూ అడగలేదు. ఆ నీళ్ళు బిందెల్లో పోసింది మాత్రం నా చేతులే. ఈ ఇంటి నిర్ణయాలు వాళ్ళవి, చాకిరీ నాది, పాపం కూడా నాదేనా? భయమేసింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

ఇంట్లోని క్యాన్లన్నీ ట్రాక్టర్ ఎక్కించి నేనూ ఎక్కాను. తోటలో అందరినీ పిలిచి చెప్పాను.

"బోరు నీళ్ళలో సీసముంది. తాగొద్దు, వంటకీ వాడొద్దు. అనూషా, కడుపులో బిడ్డకి మంచిది కాదమ్మా. రక్తపరీక్షకి నేనే తీసుకెళ్తాను."

అనూష పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అయ్యగారికి తెలుసాండీ?" అంది.

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "తెలుసు" అన్నాను.

నేను బస్సు ఎక్కకముందే ఫోన్ మోగింది. మా ఆయనే.

"ఎవరినడిగి చెప్పావ్?"

"ఎవరినీ అడగలేదండీ. కాలుష్య నియంత్రణ ఆఫీసుకి వెళ్తున్నాను. షెడ్డు ఎవరిదంటే మీ పేరే చెప్తాను."