చెయ్యెత్తిన ఆదివారం

అదిరింది చారు గరిట పట్టుకున్న చెయ్యి కాదు, ఎడమ డొక్క. లోపలి నుంచి ఎవరో వేలితో పొడిచినట్టు ఒక ఎగురు, క్షణం ఆగి ఇంకో ఎగురు. వెక్కిళ్ల లాంటిదే గానీ గొంతు దాకా రాదు. సులోచన గరిటను గిన్నె అంచుకు ఆనించి, రెండు పొడుపుల నడుమ సందు చూసుకుని చారు పోసింది. పదకొండు రోజులుగా అన్నీ ఆ సందులోనే చేసుకుంటోంది. ఉల్లిపాయలు కోయడమూ, నీళ్లు మింగడమూ కూడా.

వరండాలో ఇరవై మంది దాకా పిల్లలు బెంచీల మీద కూర్చుని తింటున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునేవాళ్లు. వాళ్ల నెత్తిమీద బోర్డు: 'కిషన్ రావు మెస్, ఇంటి భోజనం'. బోర్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఆమె మొగుడు కిషన్ రావే ఉంటాడు. వంకాయ బాగుందని ఎవరైనా అంటే, "మన చేతి వంట అట్లనే ఉంటది మరి" అంటాడు. ఆ 'మన'లో ఆయన చెయ్యి ఎక్కడుందని వెతికితే టీవీ రిమోట్ మీద దొరుకుతుంది. పెళ్లయి ఇరవై ఆరేళ్లు, మెస్ పెట్టి పద్నాలుగేళ్లు. ఒక్కనాడు బియ్యం కడిగిన పాపాన పోలేదు మహానుభావుడు.

ముప్పై అయిదు రోజుల కింద సులోచన ఇదే వంటింట్లో కళ్లు తిరిగి పడింది. గుండె మధ్యమధ్య కొట్టడం మానేస్తోందన్నారు. ఎడమ కాలర్ ఎముక కింద కోసి, చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టి, దాన్నుంచి తీగను గుండెలోకి పంపారు. "ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం దాటి లేవొద్దమ్మా. తీగ లోపల కుదురుకునేదాకా జర ఓపిక పట్టాలె" అని డాక్టర్ చెబుతుంటే, ఆమెకంటే ఎక్కువగా కిషన్ రావే తలూపాడు. ఇంటికొచ్చిన మూడోనాడు ఆ తలకాయే వంటింట్లోకి తొంగి చూసింది. "కుడి చెయ్యి మంచిగనే ఉంది గద?" నాలుగోనాటి నుంచి కుడి చెయ్యి వండింది.

ఆ మొదటి రోజుల్లో ఆమెకు తన ఒళ్లే కిరాయికి ఇచ్చిన ఇల్లులా అనిపించేది. కాలర్ ఎముక కింద అగ్గిపెట్టెంత గట్టిదనం. జాకెట్టు భుజం దానిమీద ఒరుసుకుంటే చర్మం చురుక్కుమనేది. దిండు మీద తల పెడితే చెవిలో గుండె చప్పుడు, అదీ ఇదివరకులా తడబడకుండా, ఒకే తీరుగా. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా దాని నడక దానిదే. నా గుండెకు నాతో పని లేకుండా పోయిందని భయమేసేది. ఎవరితో చెప్పను? చెబితే ఆయన ఒకటే అడిగాడు, "పైకి కనబడతదా?" అని.

దానికైనా అలవాటు పడేదేమో. బోనాలొచ్చాయి. ఆపరేషన్ నాడు థియేటర్ బయట నిలబడి అత్తగారు కిష్టమ్మ మొక్కుకున్నదట, కోడలు బతికొస్తే బోనమెత్తిస్తానని. మొక్కింది ఆవిడ, మొయ్యాల్సింది ఈవిడ.

"అత్తమ్మా, చెయ్యి లేపొద్దన్నరు. ఈ ఏడు మీరెత్తుండ్రి."

"నీ పానం కోసం మొక్కితే నేనెత్తుతనా? అమ్మ చూస్కుంటది తియ్యి."

కిషన్ రావు చెప్పులేసుకుంటూనే తీర్పిచ్చేశాడు. "అర్ధగంట పని. అమ్మ మాట తీసేసి నలుగుట్ల పరేషాన్ చెయ్యకు."

ఆ ఆదివారం చిక్కడపల్లి గల్లీలో పోచమ్మ గుడి దాకా బోనం నెత్తిన పెట్టుకుని, కుడి చేత్తోనే పట్టుకుని నడిచింది. ఇత్తడి బిందెలో అన్నం, చుట్టూ వేపాకు, పైన వెలుగుతున్న దీపం. గుడి మలుపులో జనం తోసుకొచ్చారు. బోనం ఒరిగింది. దీపం జారబోయింది. అది పడితే ఇంటికి కీడంటారు, ఆ కీడూ తన నెత్తికే చుడతారు. ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది.

లోపల ఏదో జారినట్టయింది. వెంటనే డొక్క ఎగిరింది. మళ్లీ ఎగిరింది. నడిరోడ్డు మీద, నెత్తిన బోనంతో, ఒళ్లంతా ఒకే తాళానికి అదురుతుంటే డప్పులు రెట్టింపయ్యాయి. "అమ్మొచ్చింది! అమ్మొచ్చింది!" ఎవరో కాళ్ల మీద పసుపు నీళ్లు కుమ్మరించారు. కిష్టమ్మ ఆనందంతో ఏడ్చి, కోడలి కాళ్లకు దండం పెట్టింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి.

"అమ్మ కాదత్తమ్మా, తీగ" అంది సులోచన. ఆ డప్పుల్లో ఎవరికి వినబడుతుంది?

ఇల్లు చేరాక డప్పులు లేవు, అయినా వినబడలేదు. మొగుడి లెక్కన అది గ్యాసు. "వాము నమలు. ఊకె దాని గురించే ఆలోచిస్తే అట్లనే అయితది." అత్త లెక్కన అమ్మవారు. "ఇంక ఒంట్లనే ఉన్నది, నోరు జారకు." వాము నమిలింది. నోరు జారలేదు. ఎడమవైపు ఒత్తిగిలితే మంచం కూడా అదిరేది. అయినా మొగుడికి పొద్దున చెప్పింది, మాపున చెప్పింది, రోజూ చెప్పింది. చెప్పిచెప్పి చివరికి తనకే అనుమానమొచ్చింది, నిజంగా గ్యాసేనేమోనని. అదీ ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఒంట్లో పొడుస్తున్నదాన్ని కూడా ఇంకొకరు ఒప్పుకుంటే తప్ప నమ్మలేని బతుకైపోయింది కదా తనది!

ఇవాళ చారు పోశాక గరిట గిన్నెలో పెట్టి, అన్నం గంప కుడి చంకనెత్తుకుని వెనక్కి తిరిగింది. వరండా మసకబారింది. అన్నం గంపతో సహా బెంచీల మధ్య పడిపోయింది.

ఇంట్లో పడితే మళ్లీ వామే ఇచ్చేవాళ్లేమో. ఇరవై మంది చూశారు. స్వరూప అనే పిల్ల ఎంగిలి చేత్తోనే లేచింది. "అంకుల్, ఆటో పిలుస్తున్న. మీరొస్తరా, నన్నే తీస్కపొమ్మంటరా?" అప్పుడు తొడుక్కున్నాడు కిషన్ రావు చొక్కా.

నారాయణగూడ దాటాక, ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో పేస్‌మేకర్లు పరీక్షించే అమ్మాయి నిహారిక. ఎక్స్‌రే తీయించి, సులోచన ఛాతీ మీద గుండ్రటి బిళ్ల ఒకటి ఆనించి, తెర చూస్తూ కరెంటు తగ్గించింది. డొక్కలో ఎగురు ఆగిపోయింది. పదకొండు రోజుల తర్వాత ఒళ్లు నిమ్మళించింది.

"ఆగిందా ఆంటీ?"

"ఆగింది బిడ్డా" అనేసరికి సులోచనకు ఏడుపొచ్చేసింది.

కరెంటు పెంచగానే మళ్లీ మొదలైంది. "రాంగనే గ్యాస్ అంటిరి గద సార్, ఇది గ్యాస్ కాదు" అంది నిహారిక. "తీగ జరిగింది. గుండెకు సరిగ్గ అందక, డొక్క కాడి కండను తంతున్నది. అందుకే ఎగురుతున్నది, అందుకే కండ్లు తిరిగినయి. మళ్లీ ఓపెన్ చేసి సరిచెయ్యాలె. డాక్టర్ గారు ఈరోజే అడ్మిట్ కమ్మన్నరు."

"ఎట్ల జరుగుతదమ్మా? ఇంట్ల ఫుల్ రెస్ట్‌ల ఉన్నది!"

నిహారిక తెరను ఆయనవైపు తిప్పింది. "ఒళ్లు ఎంతసేపు కదిలిందో ఇది రోజూ రాసుకుంటది సార్. ఇంటికి పోయిన నాలుగో దినం నుంచి చూడుండ్రి. రోజుకు ఎనిమిది గంటలు. వాకింగ్ చేసేటోళ్లకు గూడ ఇంత ఉండది."

కిషన్ రావు ఆ గీతల్ని కాసేపు చూశాడు. తర్వాత భార్యవైపు తిరిగాడు, కసురుతున్నట్టుగా. "డొక్కల గింత అయితుంటే చెప్పొద్దా? ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

సులోచన ఆయన్ని చూసింది. కోపం కూడా రాలేదు. ఈ మనిషికి ఇంకేమీ చెప్పక్కర్లేదని మాత్రం తెలిసిపోయింది. అప్పుడే ఆయన ఫోను మోగింది. కిష్టమ్మ. మాపటికి పిల్లలకేం పెట్టాలని.

"నువ్వే చెప్పు, ఏడేమున్నయో" అంటూ ఫోను సులోచనకిచ్చాడు.

కుడి చెవికి ఆనించుకుంది. "అత్తమ్మా, పిల్లలను వేరే మెస్ చూస్కోమనుండ్రి. ఆరు వారాలు కాదు. ఇగ నేను వండ." అవతల ఏదో అంటుండగానే పెట్టేసింది.

"ఏమే, మతి గిట్ల పోయిందా? బయట గంత బోర్డు పెట్టుకున్నం, నలుగురు ఏమంటరు?"

డొక్కలో ఎగురు కొడుతూనే ఉంది. దాని సందు చూసుకోకుండానే మాట్లాడింది సులోచన.

"బోర్డు మీద మీ పేరే ఉంది గద. మీరే వండుండ్రి."