శుక్రవారం అంకె

మా ఊళ్ళో బస్సు ఆగే చోట, ఏటి ఒడ్డున ఒక నల్ల బోర్డు ఉంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే నేను మెట్లు దిగి, పెన్నులాంటి మీటరును నీళ్ళలో ముంచి, వచ్చిన అంకెను ఆ బోర్డు మీద రాస్తాను. నీళ్ళలో ఉప్పు ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది. ఐదు వందల లోపల ఉంటే దిగువ ఊళ్ళవాళ్ళు మోటార్లు వేసి చేలకు పెట్టుకుంటారు. వెయ్యి దాటితే ఆపేస్తారు. మూడు ఊళ్ళవాళ్ళు కూర్చుని చేసుకున్న ఏర్పాటు ఇది. రాసే పని ఎవరికి ఇవ్వాలన్నప్పుడు, "పాపమ్మాళ్ అక్కకే" అన్నది టీచరు గోపిక. మా ఇంటాయన పోయినాక, యాభై ఎనిమిదో ఏట, నేను అక్షరాలు నేర్చుకున్నది ఆమె దగ్గరే.

ఎగువన మా తమ్ముడు చెన్నకేశవన్‌కు నూలుకు రంగు వేసే మిల్లు ఉంది. రంగు, ఉప్పు రెండూ తీసేసి నీళ్ళు ఏటికి వదలాలి. జూలై చివర, ఆడి నెలలో ఒక గురువారం సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే ముట్టలేదు.

"అక్కా, ఉప్పు తీసే మిషను చెడిపోయె. పార్టు వచ్చేదానికి రెండు వారాలంట. రేపు బోర్డు చూసి ఎవడైనా పొల్యూషన్ ఆఫీసుకు ఫోను చేస్తే మిల్లుకు సీలు వేస్తారు."

"రెండు వారాలు మిల్లు నిలిపెయ్‌రా."

"నిలిపితే ఆర్డరు పోతుంది. ఎనభై మంది పని చేస్తుండారు." తల వంచుకున్నాడు. "ఇంతవరకు నిన్ను ఏమన్నా అడిగితినా అక్కా?"

అడగలేదు. మా ఇంటాయన పోయిన రోజు కొత్త కోక తెచ్చి నా భుజాన కప్పినవాడు వాడే. మాలో ఆడది పోతే ఆమె మీద కూడా పుట్టింటి కోక కప్పాలి. అది తెచ్చేదానికి నాకు వాడు తప్ప ఎవరూ లేరు.

మర్నాడు మీటరు రెండు వేల నూట అరవై చూపించింది. నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. బోర్డు మీద పోయిన వారం అంకె నాలుగు వందల పది ఉంది. దాన్ని చెరిపి మళ్ళీ అదే రాశాను. ఆపై శుక్రవారం నాలుగు వందల ముప్పై అని రాశాను. అంకె మారకుంటే అనుమానం వస్తుందని.

మూడో వారం దిగువ ఊరినుంచి ఆరోగ్యసామి వచ్చాడు. తమిళుడే అయినా చిన్నప్పటినుంచి మా వాళ్ళ తోటల్లో కూలికి పోయినవాడు, మా తెలుగే మాట్లాడతాడు. ఈ ఏడే మొదటిసారి తన సొంతంగా, పెరియకుళం నుంచి రెండు వందల మామిడి అంట్లు తెచ్చి నాటుకున్నాడు. చేతిలో ఒక అంటు ఉంది. ఆకుల అంచులు కాలినట్టు నల్లబడి ఉన్నాయి.

"అన్నీ ఇట్లే అయిపోయె అక్కా. నీళ్ళు నోట్లో పోసుకుంటే కొంచెం ఉప్పగానే ఉండె. మా ఇంటిది మోటారు ఆపమనింది. 'ఓహో, నీ నాలుక పెద్ద మీటరు! అక్క రాసింది చూడు పో' అని ఏడిపిస్తిని. మన్నులోనే ఏదో తప్పుండాది. మన్ను పరీక్ష చేసేది నీకు తెలుసునా?"

"మన్ను కాదప్పా. నేను తప్పు రాస్తిని."

నవ్వాడు. "కళ్ళజోడు మార్చమని ఎన్ని తడవలు చెప్పినా వింటివా?"

అప్పుడు ఊరుకుని ఉంటే అంతటితో పోయేది.

"కళ్ళు బాగానే ఉండాయి. తెలిసే రాస్తిని. మిల్లు మా తమ్ముడిది."

ఆరోగ్యసామి ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అట్లే ఉంది. తర్వాత అంటును పట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక మాట తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం మూడు ఊళ్ళ కూటంలో లేచి నిలబడి రెండు వారాల అసలు అంకెలూ చెప్పాను. బుధవారం మిల్లుకు సీలు పడింది. ఆ సాయంత్రమే చెన్నకేశవన్ వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"నువ్వు చస్తే నాకు చెప్పి పంపొద్దని ఊళ్ళో చెప్పిపెట్టు. కోక కావాలంటే ఆ ఏటినే అడుగు."

లోపలికి రారా అన్నాను. బండి తిప్పుకుని పోయాడు.

కూటంవాళ్ళు నన్ను తీసెయ్యలేదు. "ఇకమీద ఇంకొకరు పక్కనుండి చూసినాకనే రాయల్ల అక్కా" అని మాత్రం గోపిక చెప్పింది. అది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. చూసే పనికి ఆరోగ్యసామి ఒప్పుకున్నాడు.

మిల్లు ఆగింది, వాన కూడా పడింది. ఈ శుక్రవారం మీటరు మూడు వందల ఎనభై చూపించింది. ఆరోగ్యసామి వంగి చూశాడు. నేను రాసినాక బోర్డునూ చూశాడు.

"నీళ్ళు బాగుండాయి" అన్నాడు.

దిగువన ఒక్కొక్కటిగా మోటార్లు మొదలయ్యాయి. అంట్లు పోయిన అతని చేలో మోటారు మోగలేదు. గట్టు మీద పెట్టిన సద్ది గిన్నె తీసుకుని, మా వాళ్ళ కొబ్బరి తోటకు కూలికి పోయాడు.