బలానికని ఒత్తిన చపాతీలు

నేను ఒక చపాతీ కర్రను. కరీంనగర్‌లో ఒక వడ్రంగి తలుపు చేయగా మిగిలిన టేకు ముక్కను నున్నగా చెక్కి నన్ను చేశాడు. రాజమల్లుకు షుగరు వచ్చి, ఒకపూట అన్నం మానమన్నారని అతని భార్య విమల నన్ను కొనితెచ్చింది. అంతవరకు ఆ ఇంట్లో చేత్తో తట్టే జొన్నరొట్టెలే.

రాజమల్లు దగ్గర ఆగితే గొడవే లేదు. వాళ్ల బిడ్డ చందన ఎనిమిదో తరగతి, బక్కపిల్ల. అన్నంలో ఏముంది, బలమంతా గోధుమలోనే అని మనుషుల నమ్మకం. అందుకే పిల్లకూ పొద్దున రెండు, సాయంత్రం మూడు. నేను ఒత్తుతూనే ఉన్నాను, పిల్ల చిక్కుతూనే ఉంది. కడుపునొప్పి, నోట్లో పుండ్లు, పాలిపోయిన ముఖం. రక్తం పట్టే మాత్రలు ఎన్ని మింగినా అంతే. తరగతిలో అందరికన్నా పొట్టి. ఇక పెరగదేమోనని విమల భయం.

“అన్నీ బడి ఎగ్గొట్టే నాటకాలు,” అన్నాడు రాజమల్లు.

“నాటకమాడితే రక్తం తగ్గుతదా?” అంది విమల, ఇంకో ముద్ద నా కింద పెడుతూ.

చివరికి పిల్లల డాక్టరమ్మకు చూపించి వచ్చి, వంటింట్లో భర్తతో చెప్పింది.

“సీలియాక్ అని అనుమానమట. గోధుమ పడక పేగు దెబ్బతింటదట. తిన్నది ఒంటబట్టదట.”

కొయ్యనే అయినా కొయ్యబారిపోయాను.

“అయితే ఆ కర్ర అవతల పారెయ్!”

“ఆగుండ్రి. పరీక్షలన్ని అయ్యేదాక చపాతీ ఆపొద్దన్నది. ఆపితే జబ్బు పరీక్షకు దొరకదట.”

నాకు మతిపోయింది. దొంగ ఎవరో తెలిసింది, అయినా ఇంకొన్నాళ్లు ఇంట్లోనే పెట్టుకోవాలట! విమల మళ్లీ పిండి కలిపి ఒత్తింది. చందన కళ్లు మూసుకుని మింగింది. రక్తపరీక్ష చేశారు. గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. అనుమానం నిజమే.

జీవితాంతం గోధుమ బంద్. కడిగినా నా పగుళ్లలో పిండి ఉంటుందని నేనూ బంద్. పక్కింటి భాగ్యమ్మ నన్ను అడిగి తీసుకుపోయింది. అక్కడ ఆమె మనవలు నా చపాతీలు తిని గోడలు దూకుతున్నారు. అదే పిండి, అదే నేను. ఎక్కడ తప్పు చేశానో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఎనిమిది నెలల తర్వాత చందన భాగ్యమ్మ గడపలోకి వచ్చింది.

“ఏందే, లంగ గింత పొట్టిదైంది? ఉతికితే గుంజుకపోయిందా?” అంది భాగ్యమ్మ.

“గుంజుకపోలే పెద్దమ్మా,” నవ్వింది చందన. “నేనే పెరిగిన.”