మిగిలిన నాలుగు నిమిషాలు

యదునందన్ సార్ వేదికెక్కి మొదటి స్లైడ్ చూపించగానే జెస్సికా ఒళ్లు భగ్గుమంది. తెర మీదున్నది ఆమె ప్రోగ్రామే. ఆళ్లగడ్డ బస్టాండులో నెల రోజులు నిలబడి, కండక్టర్లను విసిగించి, ఏ ఊరికి ఏ బస్సు ఎప్పుడో రాసుకొచ్చి తయారుచేసుకున్నది. పోయిన నెల "ఒకసారి చూసిపెట్టండి సార్" అని ఈ పెద్దమనిషి చేతికే ఇచ్చింది. చూశాడు. బాగానే చూశాడు!

నంద్యాలలో పైథాన్ అనే కంప్యూటర్ భాష వాడేవాళ్ల సదస్సు అది. ఆఖరున లైట్నింగ్ టాక్స్. పేరు రాసుకున్నవాళ్లకు తలా ఐదు నిమిషాలు, గంట కొడితే దిగిపోవాలి. బాగా చెప్పినవాళ్లలో ఒక్కరినే బెంగళూరు సదస్సుకు పంపుతారు. సార్ తర్వాత పేరు జెస్సికాదే.

"ఏందే, ఇది నీది కదా?" పక్కనున్న తులసి గొణిగింది.

"నాదే. కడుపు మండిపోతాండాది."

"లేచి చెప్పు మరి!"

"చెప్తే ఎవురు నమ్ముతారే? ఆయప్ప లెక్చరరు."

చప్పట్ల మధ్య దిగొస్తూ సార్ ఆమె దగ్గర ఆగాడు. "ఏమ్మా, నువ్వూ ఇదే చెప్పేట్టుంటే వద్దులే. బాగుండదు." ఎంత నిమ్మళంగా అన్నాడో! సిగ్గూ శరమూ లేని మనిషి.

జెస్సికా తన ల్యాప్‌టాప్ కుర్చీలోనే వదిలేసి వేదికెక్కింది. సార్ తెరిచిన ప్రోగ్రాము ఇంకా తెర మీదే ఉంది.

"సార్ చూపించింది బాగుండాది. నేనూ ఒకటి అడుగుతా," అంటూ ఆళ్లగడ్డ నుంచి ఉయ్యాలవాడకు, రాత్రి పదకొండుకు అని టైపు కొట్టింది. చివరి బస్సు పోయాక ఏం చెయ్యాలో ఆ ప్రోగ్రాముకు తెలియదు. లేని బస్సు కోసం వెతుకుతూనే ఉంది, ఆగదు. ఆ తప్పు జెస్సికా మొన్ననే పట్టుకుని తన దాంట్లో సరిచేసుకుంది. సార్ దగ్గరున్నది పోయిన నెలది.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ ముఖం మాడిపోయింది.

"ఏయ్, ఆపు దాన్ని!"

"ఒక్క వరస మారిస్తే ఆగుతాది సార్. యాడ మార్చాల్నో రాసినోళ్లకు తెలుస్తాది." గంట దగ్గర కూర్చున్న ప్రేమకుమారి మేడమ్ వైపు తిరిగింది. "మేడమ్, నాకింకా ఎంత టైముండాది?"

"నాలుగు నిమిషాలమ్మా."

"అవి సార్‌కు ఇస్తాండా. రాండి సార్, సరిచేయండి."

మైకు బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. సార్ కుర్చీలోంచి లేవలేదు. హాలంతా ఆయన వైపే చూస్తోంది. నాలుగు నిమిషాలూ నిండేదాకా మేడమ్ గంట కొట్టలేదు.